పరిశోధనకు ఏ రంగం? శ్రీకాకుళం, విజయనగరం విద్యార్థుల కోసం ఒక పోలిక

ఎం.ఎస్సీ. చివరి సంవత్సరంలో ఉన్న విద్యార్థులు, వారి తల్లిదండ్రులు పరిశోధన గురించి సలహా అడిగేటప్పుడు సాధారణంగా రెండే ప్రశ్నలు వేస్తారు. ఏ సబ్జెక్టుకు భవిష్యత్తు ఉంది, ఏ సంస్థకు పేరు ఉంది అన్నవి ఆ ప్రశ్నలు. వీటికంటే ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉందని నేను గట్టిగా నమ్ముతాను. ఆ శాస్త్రం మన దేశంలో దేన్ని ఆధారం చేసుకుని నిలబడింది? ఒక వ్యక్తి పట్టుదల మీదనా, ఒక పెద్ద పరికరం మీదనా, ప్రభుత్వానికి ఉన్న ఒక అవసరం మీదనా, లేక ఈ నేలలోనూ ఈ జనంలోనూ మాత్రమే కనిపించే ఒక సమస్య మీదనా? పీహెచ్‌డీ అంటే ఐదారేళ్ళ జీవితం. ఆ ఐదారేళ్ళలో గైడు దొరకడం, పరికరం దొరకడం, ఫెలోషిప్ సకాలంలో రావడం, ఆ తరువాత ఉద్యోగం దొరకడం అన్నీ ఆ ఆధారం ఎంత గట్టిదో దాన్ని బట్టే ఉంటాయి.

ఇది ఎంత ముఖ్యమైన ప్రశ్నో ఉత్తరాంధ్ర చరిత్రలోనే చూడవచ్చు. గోడే వెంకట జగ్గారావు అనే జమీందారు మద్రాసు వెళ్ళి అక్కడి అబ్జర్వేటరీలో ఖగోళశాస్త్రం నేర్చుకుని వచ్చి, 1840లో విశాఖపట్నంలో సొంత ఖర్చుతో ఒక వేధశాలను నెలకొల్పాడు. ఆయన తరువాత అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు దానిని నడిపించి, 1874 డిసెంబరులో శుక్రగ్రహం సూర్యబింబాన్ని దాటిన అరుదైన ఘట్టాన్ని శాస్త్రీయంగా నమోదు చేశాడు. విశాఖలోని మిసెస్ ఏ.వి.ఎన్. కళాశాల పేరులో ఉన్నది ఈ కుటుంబమే. సి.వి. రామన్ తండ్రి పాఠాలు చెప్పినదీ, రామన్ బాల్యంలో చదివినదీ అక్కడే. ఇంతటి ఆరంభం ఉన్నప్పటికీ 1892లో నర్సింగరావు మరణించిన తరువాత ఆ వేధశాల నుంచి ఒక ఖగోళశాస్త్ర సంప్రదాయం పుట్టలేదు. పరికరాలు ఉన్నాయి, పరిశీలనలు ఉన్నాయి, కాని శిష్యులను తయారుచేసే తరగతి లేదు, ఏటా నిధులిచ్చే వ్యవస్థ లేదు. ఒక కుటుంబపు ఆస్తి మీదా ఆసక్తి మీదా నిలిచిన శాస్త్రం ఆ కుటుంబంతోనే ఆగిపోయింది. ఈనాడు కూడా ఒకే ఒక ప్రొఫెసరు మీద ఆధారపడిన విభాగాలు మన విశ్వవిద్యాలయాల్లో ఉన్నాయి. ఆయన పదవీ విరమణ చేసిన ఏడాది నుంచి అక్కడి విద్యార్థులు ఎదుర్కొనే కష్టం కూడా ఇలాంటిదే.

ఈ దృష్టితో ఐదు రంగాలను ఇక్కడ పోలుస్తున్నాను. ఐదింటికీ సమానమైన స్థలం ఇవ్వడం లేదు. మన రెండు జిల్లాల విద్యార్థికి ఎక్కడ ఎక్కువ అవకాశం ఉందని నాకు అనిపించిందో అక్కడే ఎక్కువ చెబుతాను.

రేడియో ఖగోళశాస్త్రం

స్వతంత్ర భారతంలో ఒక శాస్త్రం శూన్యం నుంచి ఎలా పెరిగిందో తెలుసుకోవడానికి దీనికంటే స్పష్టమైన ఉదాహరణ లేదు. గోవింద్ స్వరూప్ (1929–2020) అలహాబాదులో ఎం.ఎస్సీ. చదివి, ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో కొంతకాలం పనిచేసి, 1953లో ఆస్ట్రేలియా వెళ్ళి రేడియో తరంగాలతో సూర్యుణ్ణి పరిశీలించడం నేర్చుకున్నాడు. అక్కడ పని పూర్తయి పక్కన పెట్టబోతున్న, ఆరు అడుగుల వ్యాసం గల 32 డిష్‌లను భారతదేశానికి ఇప్పించమని అడిగి సాధించాడు. తరువాత అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో డాక్టరేట్ చేశాడు. 1961లో ఆయనతో కలిపి విదేశాల్లో ఉన్న నలుగురు భారతీయ శాస్త్రజ్ఞులు, తాము బృందంగా స్వదేశానికి తిరిగివచ్చి రేడియో ఖగోళశాస్త్రాన్ని ప్రారంభిస్తామని పలు భారతీయ సంస్థలకు ప్రతిపాదన పంపారు. బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థ నుంచి హోమీ భాభా వెంటనే ఆమోదం తెలిపాడు. స్వరూప్ 1963లో ఆ సంస్థలో చేరాడు. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఆ డిష్‌లే 1965లో బొంబాయి దగ్గరి కల్యాణ్‌లో దేశపు తొలి రేడియో టెలిస్కోపుగా పనిచేశాయి.

ఆ తరువాతి అడుగును ప్రతి విద్యార్థీ శ్రద్ధగా గమనించాలి. సంపన్న దేశాల్లో ఉన్నటువంటి టెలిస్కోపును ఇక్కడ తిరిగి కట్టాలని స్వరూప్ బృందం ప్రయత్నించలేదు. మన భూగోళం మనకు ఏ సౌకర్యం ఇస్తుందని అడిగింది. ఊటీలో ఉత్తర దక్షిణాలుగా సుమారు 11 డిగ్రీల వాలుతో ఒక కొండ ఉంది, ఆ ప్రాంతపు అక్షాంశం కూడా సుమారు 11 డిగ్రీలే. ఆ వాలు మీద కట్టిన పరికరపు అక్షం భూభ్రమణ అక్షానికి సమాంతరంగా ఉంటుంది కనుక, దాన్ని ఒక్క దిశలో తిప్పితే చాలు, ఆకాశంలోని ఒక వస్తువును గంటల తరబడి అనుసరించవచ్చు. 530 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు గల ఆ టెలిస్కోపు 1970లో పూర్తయింది. అదే ఆలోచనా పద్ధతి పుణెకు ఉత్తరంగా ఖోడద్ వద్ద కట్టిన జీఎంఆర్‌టీ అనే భారీ రేడియో టెలిస్కోపులోనూ కనిపిస్తుంది. 45 మీటర్ల వ్యాసం గల 30 యాంటెన్నాలు సుమారు 25 కిలోమీటర్ల మేర విస్తరించి ఉంటాయి. మంచు కురవని వాతావరణాన్నీ, తక్కువ పౌనఃపున్యంలో పనిచేయడానికి గట్టి లోహపు రేకులు అవసరం లేకపోవడాన్నీ ఉపయోగించుకుని, సన్నని తీగల వలలతో వాటిని నిర్మించారు. అందువల్ల ఖర్చు బాగా తగ్గింది.

ఎంపిక దృష్టితో చూస్తే ఈ రంగం ఒక పెద్ద పరికరం చుట్టూ పెరిగినది. బలమూ బలహీనతా రెండూ అందులోనే ఉన్నాయి. పరికరం ఉన్నంతకాలం నిధులు ఉంటాయి, అంతర్జాతీయ గుర్తింపు ఉంటుంది, వేరే దేశపు టెలిస్కోపు సమయం కోసం ఎదురుచూడవలసిన అగత్యం తక్కువ. అంతర్జాతీయ రేడియో టెలిస్కోపు ప్రాజెక్టు ఎస్‌కేఏ (స్క్వేర్ కిలోమీటర్ అరే)లో చేరడానికి 2024 జనవరిలో కేంద్ర ప్రభుత్వం 1,250 కోట్ల రూపాయలు ఆమోదించింది కనుక రానున్న సంవత్సరాల్లో ఆ టెలిస్కోపు ఇచ్చే దత్తాంశాన్ని (డేటాను) విశ్లేషించగల యువకుల అవసరం పెరుగుతుందే గాని తగ్గదు. మరోవైపు ఈ పని జరిగే చోట్లు చాలా తక్కువ. పుణెలోని జాతీయ రేడియో ఖగోళ భౌతిక కేంద్రం (ఎన్‌సీఆర్‌ఏ), బెంగళూరులోని రామన్ పరిశోధన సంస్థ, మరికొన్ని ఐఐటీలు, ఐఐఎస్‌సీ వంటివి తప్ప పెద్దగా లేవు. సీట్లు కొద్ది. జెస్ట్, గేట్, ఐనాట్ వంటి పరీక్షల్లో గట్టి పోటీ ఉంటుంది.

గణితం మీద నిజమైన ఇష్టం, కంప్యూటర్ ప్రోగ్రామింగ్‌లో చేయి తిరిగిన అలవాటు ఉన్న భౌతికశాస్త్ర విద్యార్థికి, అలాగే సిగ్నల్ ప్రాసెసింగ్ బాగా చదివిన ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్ విద్యార్థికి ఈ రంగాన్ని నేను సంకోచం లేకుండా సూచిస్తాను. పీహెచ్‌డీ తరువాత ఖగోళశాస్త్రంలో ఉద్యోగం దొరక్కపోయినా ఆ నైపుణ్యాలకు బయట విలువ ఉంటుంది. కాని ఇంటి బాధ్యతల వల్ల విజయనగరానికో శ్రీకాకుళానికో తొందరగా తిరిగి రావలసిన వారికి ఇది అనుకూలం కాదు. రేడియో తరంగాల మీద ఆసక్తి ఉండి ఆంధ్రలోనే ఉండాలనుకునేవారు తిరుపతి దగ్గర గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలను పరిశీలించాలి. అక్కడి ఎంఎస్‌టీ రాడార్ ఆకాశపు పై పొరలను అధ్యయనం చేస్తుంది.

సముద్ర, వాతావరణ శాస్త్రాలు

మన జిల్లాల విద్యార్థుల్లో ఎక్కువ మందికి నేను మొదట సూచించేది ఈ రంగాన్నే. అందుకు కారణం సముద్రం పక్కనే ఉండటం ఒక్కటే కాదు. దేశంలో ఈ శాస్త్రం పెరిగిన తీరు చూస్తే, ఒకదాని మీద ఒకటి చేరిన ఎన్నో ఆధారాల మీద ఇది నిలిచి ఉందని తెలుస్తుంది.

మొదటి ఆధారం విశ్వవిద్యాలయం. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్ర విభాగాన్ని నిర్మించిన సి. మహదేవన్ కాలంలో, 1952లో యూజీన్ లాఫాండ్ అనే అమెరికన్ సముద్ర శాస్త్రజ్ఞుడు వాల్తేరుకు వచ్చాడు. విశ్వవిద్యాలయానికి సొంత పరిశోధన నౌక లేదు. నౌకాదళపు ఓడల మీద విద్యార్థులు వెళ్ళి నీటి ఉష్ణోగ్రత, లవణీయత కొలిచారు. వేసవి ముందు నెలల్లో విశాఖ తీరంలో చల్లని అడుగు నీరు పైకి వచ్చే ప్రక్రియను వివరించిన తొలి పని అలా మొదలైంది. రెండవ ఆధారం అంతర్జాతీయ సహకారం. 1960ల తొలి భాగంలో జరిగిన అంతర్జాతీయ హిందూ మహాసముద్ర యాత్రలో అనేక దేశాల నౌకలు పాల్గొన్నాయి, మన యువ శాస్త్రజ్ఞులకు వాటి మీద శిక్షణ దొరికింది. ఆ యాత్ర ముగిసిన వెంటనే 1966 జనవరి 1న జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ఏర్పడింది. దాని కేంద్రం గోవాలో ఉన్నా ప్రాంతీయ కేంద్రం విశాఖలో ఉంది. మూడవ ఆధారం ప్రభుత్వ శాఖ. 1981లో సముద్రాభివృద్ధి విభాగం ఏర్పడింది, 1983లో ‘సాగర్ కన్య’ అనే సొంత పరిశోధన నౌక వచ్చింది, 2006లో ఈ విభాగమూ, భారత వాతావరణ శాఖా భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ కిందికి చేరాయి.

నాలుగవది విపత్తు. దాన్ని ఆధారం అనడం బాధాకరమే అయినా అది సత్యం. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత, హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం (ఇన్‌కాయిస్)లో 2007లో సునామీ హెచ్చరిక కేంద్రం పనిచేయడం మొదలుపెట్టింది. 2014 అక్టోబరులో హుద్‌హుద్‌నూ, 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీనీ కళ్ళారా చూసిన మన ప్రజలకు, తుపాను గాలి ఎక్కడ, ఎప్పుడు, ఎంత వేగంతో వస్తుందో ముందుగా చెప్పే శాస్త్రం ఎంత విలువైనదో ఎవరూ ప్రత్యేకంగా వివరించనక్కరలేదు. తిత్లీ తరువాత శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో పడిపోయిన కొబ్బరి, జీడి తోటల మధ్య పెరిగిన పిల్లలు ఇప్పుడు డిగ్రీ చదువుతున్నారు. ప్రజల అవసరం ఇంత స్పష్టంగా ఉన్న శాస్త్రానికి ఏ ప్రభుత్వమూ నిధులు పూర్తిగా ఆపదు. 2021లో ఆమోదం పొందిన డీప్ ఓషన్ మిషన్‌కు ఐదేళ్ళ కోసం 4,077 కోట్ల రూపాయలు కేటాయించారు.

ఉద్యోగం సంగతికి వస్తే, రేడియో ఖగోళశాస్త్రానికీ దీనికీ మధ్య తేడా ఇక్కడే ఎక్కువగా కనిపిస్తుంది. అక్కడ పరిశోధన సంస్థలే దాదాపు ఏకైక గమ్యం. ఇక్కడ భారత వాతావరణ శాఖ, ఇన్‌కాయిస్, చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ, పుణెలోని ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ, విశాఖలోని నౌకాదళ ప్రయోగశాల వంటి పలు చోట్ల నిపుణుల అవసరం ఉంది. చేరడానికి కూడా మార్గాలు విశాలం. భౌతికశాస్త్రం, గణితం, రసాయనశాస్త్రం, జీవశాస్త్రం చదివినవారు ఎవరైనా తమ తమ వైపు నుంచి ఇందులోకి రావచ్చు. సీఎస్‌ఐఆర్ నెట్‌లో భూ, వాతావరణ, సముద్ర శాస్త్రాలకు ప్రత్యేక పేపరు ఉందని మన డిగ్రీ కళాశాలల్లో చాలామందికి ఇప్పటికీ తెలియదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వాతావరణ, సముద్ర శాస్త్ర విభాగం ఉంది. ఇచ్ఛాపురం, సోంపేట వైపు వారికి విశాఖ కంటే బ్రహ్మపురం చాలా దగ్గర కనుక, అక్కడి ఐసర్‌నూ (కేంద్ర ప్రభుత్వపు విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ), ఇంకొంచెం ముందుకు వెళ్ళి భువనేశ్వర్ ఐఐటీనీ కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఇందులోనూ ఎంచుకోవలసింది ఉంది. నౌక మీద వెళ్ళి కొలతలు తీసే పని వేరు, కంప్యూటర్‌లో సముద్రాన్నీ వాతావరణాన్నీ నమూనాగా నడిపించే పని వేరు. రెండవదానికి ఫెలోషిప్‌లు, ఉద్యోగాలు ఎక్కువగా కనిపిస్తున్నాయి కనుక అందరూ అటే వెళుతున్నారు. నా అభిప్రాయంలో మన తీరపు విద్యార్థి మొదటి రెండేళ్ళు కొలతల పని నేర్చుకుని తరువాత నమూనాల వైపు వెళ్ళడం మంచిది. శ్రీకాకుళం జిల్లాకు సుమారు 193 కిలోమీటర్ల తీరం ఉంది, విజయనగరం జిల్లాకు భోగాపురం, పూసపాటిరేగ మండలాల తీరం ఉంది. నాగావళి, వంశధార తెచ్చే బురద నీరు సముద్రంలో కలిసే చోటును చిన్నప్పటి నుంచి చూసినవారికి, తెరమీది అంకె తప్పుగా ఉంటే అది తప్పని గుర్తించే చూపు ఉంటుంది. చేపలు దొరికే ప్రాంతాలను సూచిస్తూ ఇన్‌కాయిస్ విడుదల చేసే సమాచారం మత్స్యకారులకు ఎంతవరకు ఉపయోగపడుతోందో అడిగి తెలుసుకోవడం కూడా ఒక పరిశోధన అంశమే. దానికి మత్స్యకారుల భాష, నమ్మకం రెండూ తెలిసినవాడు కావాలి.

భూగర్భశాస్త్రం

ఈ శాస్త్రం మన దేశంలో ప్రభుత్వ ఆదాయం కోసం పుట్టింది. బొగ్గు, ఖనిజాల కోసం 1851లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ ఏర్పడింది. అయితే దాని చరిత్రలో మన ప్రాంతపు వాటా చిన్నది కాదు. దేశంలో మాంగనీసు తవ్వకం 1890ల ఆరంభంలో మొదలైనది విజయనగరం దగ్గరి కోడూరు గనుల్లో. ఆ గని పేరు మీదనే ఒక రాతికి ‘కోడూరైట్’ అని పేరు పెట్టారు. మన కొండల్లో ఎక్కువగా కనిపించే ‘ఖోండలైట్’ అనే రాతికి ఖోండు గిరిజనుల పేరు పెట్టినదీ ఆ సర్వేక్షణ సంస్థ శాస్త్రజ్ఞుడే. కోణార్క ఆలయపు రాయి కూడా ఖోండలైటే. 900 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో రూపాంతరం చెందిన రాళ్ళు తూర్పు కనుమల్లో ఉండటం వల్ల, ఒకప్పుడు తూర్పు అంటార్కిటికాతో కలిసి ఉన్న భూఖండపు చరిత్రను ఇక్కడ చదవవచ్చు కనుక, ప్రపంచ శాస్త్రజ్ఞులు సాలూరు, అరకు కొండలకు వస్తూనే ఉన్నారు.

చిక్కు ఏమిటంటే రాళ్ళు ఇక్కడ ఉన్నాయి, వాటి వయస్సును కొలిచే యంత్రాలు దూరంగా ఉన్నాయి. చాలాకాలం మన కొండల రాళ్ళ వయస్సులు విదేశీ ప్రయోగశాలల్లో తేలేవి, ఆ వ్యాసాల్లో మొదటి పేరు కూడా విదేశీయులదే ఉండేది. అహ్మదాబాదులోని భౌతిక పరిశోధన ప్రయోగశాల (పీఆర్‌ఎల్), హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ), ఇటీవల ఢిల్లీలోని అంతర విశ్వవిద్యాలయ త్వరణక కేంద్రంలో ఏర్పడిన భూకాల నిర్ణయ సౌకర్యం వల్ల ఆ పరిస్థితి మారుతోంది. కనుక ఈ రంగంలో చేరేవారు గైడును ఎంచుకునేటప్పుడు, ఆయనకు ఎన్ని నమూనాలు ఉన్నాయని కాకుండా, ఏ యంత్రం మీద సమయం దొరుకుతుందని అడగాలి.

జీతం, స్థిరత్వం ముఖ్యం అనుకునే కుటుంబాలకు ఐదు రంగాల్లోకీ ఇదే సులువుగా అర్థమయ్యే దారి. యూపీఎస్‌సీ నిర్వహించే జియో సైంటిస్ట్ పరీక్ష ద్వారా సర్వేక్షణ సంస్థలో నేరుగా చేరవచ్చు, చేరిన తరువాత కూడా పరిశోధన చేయవచ్చు. భీమిలి నుంచి శ్రీకూర్మం, కళింగపట్నం దాకా తీరపు ఇసుకలో ఇల్మెనైట్, గార్నెట్, మోనజైట్ వంటి బరువైన ఖనిజాలు ఉన్నాయి. అరుదైన మృత్తికల (రేర్ ఎర్త్ మూలకాల) కోసం ప్రపంచమంతా వెతుకుతున్న ఈ రోజుల్లో ఆ ఇసుక మీద పని పెరుగుతుంది. అయితే గనుల తవ్వకం వల్ల తీర గ్రామాలకు కలిగే నష్టం కూడా ఆ పరిశోధనలో భాగం కావాలి. ఆ భాగాన్ని రాయనివ్వని ప్రాజెక్టులో మన ప్రాంతపు విద్యార్థి చేరకూడదని నేను అంటాను.

అణుజీవశాస్త్రం

విద్యార్థులు ఎక్కువగా అడిగే రంగం ఇదే, నేను తక్కువగా చెప్పబోయేదీ దీని గురించే. జి.ఎన్. రామచంద్రన్ 1954లో మద్రాసులో కొల్లాజెన్ అనే ప్రోటీను నిర్మాణాన్ని వివరించడం, 1962లో ఒబైద్ సిద్దిఖీ టాటా సంస్థలో అణుజీవశాస్త్ర విభాగాన్ని ప్రారంభించడం, 1977లో పి.ఎం. భార్గవ నాయకత్వంలో హైదరాబాదులో సీసీఎంబీకి (కణ, అణుజీవశాస్త్ర కేంద్రానికి) పునాది పడటం, 1986లో కేంద్రంలో జీవసాంకేతిక విభాగం ఏర్పడటం ఈ శాస్త్రపు మెట్లు. ఇప్పుడిది దేశమంతటా వ్యాపించింది. సీట్లు ఎక్కువే, పోటీ అంతకంటే ఎక్కువ. ప్రయోగశాల ఖర్చు భారీగా ఉంటుంది, రసాయనాలు చాలావరకు విదేశాల నుంచి రావాలి, నిధులు ఒక ఏడాది ఆలస్యమైతే పని నిలిచిపోతుంది. పెద్ద జాతీయ సంస్థలో సీటు వస్తే తప్పక చేరండి. రాకపోతే, పరికరాలు అంతంతమాత్రంగా ఉన్న చోట ఈ రంగంలో ఆరేళ్ళు గడపడం కంటే మరో రంగాన్ని చూసుకోవడం మంచిది.

ఇక్కడే డబ్బు సంగతి కూడా చెప్పాలి. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) నెలకు 37,000 రూపాయలు, ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) 42,000 రూపాయలు. నెట్ ద్వారా ఈ ఫెలోషిప్ తెచ్చుకున్న విద్యార్థి తన గైడును తాను ఎంచుకోగలడు, ఫెలోషిప్ లేకుండా చేరిన విద్యార్థి ప్రాజెక్టు నిధుల మీద ఆధారపడతాడు. దేశం మొత్తం పరిశోధనకు పెట్టే ఖర్చు స్థూల దేశీయోత్పత్తిలో 0.64 శాతం దగ్గరే ఉన్నప్పుడు ఈ తేడా చిన్నది కాదు. మరొకటి, మూడు జాతీయ విజ్ఞాన అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి పరిశోధన ఫెలోషిప్‌కు డిగ్రీ రెండవ సంవత్సరం నుంచే దరఖాస్తు చేసుకోండి. రెండు నెలలు ఒక ప్రయోగశాలలో ఉంటే ఎంత చదివినా తెలియని విషయాలు తెలుస్తాయి.

ఉద్దానం, కిడ్నీ వ్యాధి

ఐదవ రంగం ఇంకా రంగంగా పూర్తిగా రూపుదిద్దుకోలేదు. అందుకే దీని గురించి ఆలోచించమని అడుగుతున్నాను. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాల్లో మధుమేహం గాని అధిక రక్తపోటు గాని లేకుండానే మూత్రపిండాలు దెబ్బతింటున్నవారు దశాబ్దాలుగా కనిపిస్తున్నారు. వారిలో ఎక్కువ మంది తోటల్లోనూ పొలాల్లోనూ ఎండలో పనిచేసేవారే. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలోనూ, మధ్య అమెరికాలోని చెరకు తోటల కూలీల్లోనూ ఇలాంటి వ్యాధి ఉంది. ఎండ వేడికి శరీరంలో నీరు తగ్గిపోవడం, భూగర్భ జలంలోని సిలికా, భార లోహాలు, పురుగుమందులు, నొప్పి మాత్రల అతివాడకం, జన్యు కారణాలు అన్నీ పరిశీలనలో ఉన్నాయి. ఏ ఒక్కటీ పూర్తిగా రుజువు కాలేదు.

ఆరోగ్య పరిశోధన మన దేశంలో ఎలా ముందుకు వెళ్ళిందో చూస్తే ఇక్కడి కష్టం తెలుస్తుంది. 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్‌ను గుర్తించినప్పుడు, నీటిలో కొలవదగిన ఒక్క పదార్థం కనిపించింది. దాన్ని కొలిచారు, గ్రామాలను పోల్చారు, ఫ్లోరైడ్‌ను తొలగించే పద్ధతులు వెతికారు. ఉద్దానంలో అలాంటి ఒక్క పదార్థం దొరకలేదు కనుక ఒక్కసారి నీటి నమూనా తీసుకుని వెళ్ళిపోయే అధ్యయనాలతో జవాబు రాదు. ఆరోగ్యవంతులైన యువకులను కూడా చేర్చుకుని, మూత్రపిండాల పనితీరును తెలిపే క్రియాటినిన్‌ను అవే మనుషుల రక్తంలో ఏళ్ళ తరబడి కొలుస్తూ, వారి పని, నీరు, తిండి, మందులు నమోదు చేయాలి. అది ఒక తరం పని. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రంతో కూడిన ఆసుపత్రి ప్రారంభమైంది, హిరమండలం జలాశయం నుంచి గ్రామాలకు నీరు తెచ్చే పథకం వచ్చింది. నీరు మారిన గ్రామాల్లో వ్యాధి తగ్గుతోందా లేదా అని క్రమబద్ధంగా చూడగలిగే అవకాశం ఇప్పుడే ఉంది. ఆ అవకాశం ఎప్పటికీ ఉండదు, ఎందుకంటే పాత నీటి దత్తాంశం ఇప్పుడు సేకరించకపోతే తరువాత దొరకదు.

వైద్య విద్యార్థులకే కాదు, గణాంకశాస్త్రం, రసాయనశాస్త్రం, భూగర్భ జలశాస్త్రం చదివినవారికి కూడా ఇక్కడ పని ఉంది. అయితే ఊరి మీద ప్రేమతో నేరుగా దిగవద్దని నా సలహా. ముందు చెన్నైలోని జాతీయ ఎపిడెమియాలజీ సంస్థలోనో, తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థలోనో, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలోనో పద్ధతి నేర్చుకోవాలి. ఆధారం బలంగా ఉన్న సముద్ర శాస్త్రానికీ, ఆధారం ఇంకా నిర్మాణంలో ఉన్న ఈ రంగానికీ మధ్య ఎంపిక కష్టమైనదే. కుటుంబానికి మీ జీతం వెంటనే అవసరమైతే మొదటిది తీసుకోండి. రెండు మూడేళ్ళ అనిశ్చితిని భరించగలిగితే, ఉద్దానం మాట, అక్కడి పని, అక్కడి వంట తెలిసిన పరిశోధకుడు చేయగల అధ్యయనం బయటివారు చేయలేరు కనుక ఇక్కడ మీకు పోటీయే లేదు. చేరే ముందు గైడును మూడు విషయాలు అడగండి: అధ్యయనం ఎన్నేళ్ళపాటు సాగేలా నిధులు ఉన్నాయి, మీరు వెళ్ళిపోయాక ఆ రికార్డులను ఎవరు కొనసాగిస్తారు, రక్తమూ నీరూ నమూనాగా ఇచ్చిన ఇంటికి ఫలితాన్ని తిరిగి తెలుగులో చెప్పే ఏర్పాటు ఆ ప్రాజెక్టులో ఉందా లేదా.